మూలికల ఆయింట్‌మెంట్‌తో నాలుగు రోజుల్లో తగ్గింది, ఆపగానే రెట్టింపైంది. ఎందుకు?

మోచేతిపొలుసు · సోమవారం, రాత్రి 10:42

అందరికీ నమస్తే. కాస్త పొడుగ్గానే ఉంటుంది, ఓపిక పట్టండి.

నాకు సోరియాసిస్ మొదలై తొమ్మిదేళ్లు. రెండు మోచేతులు, మోకాళ్లు, నడుం మీద అరచెయ్యంత మచ్చ ఒకటి. డాక్టర్లు రాసిన పూతమందు పూసినన్నాళ్లూ తగ్గుతుంది, మానగానే మళ్లీ మామూలే. విసుగెత్తి ఏడాది కిందట అన్నీ పక్కన పడేశాను.

రెండు నెలల కిందట తెలిసినాయన ఒకరు చిన్న డబ్బా చేతిలో పెట్టారు. "పన్నెండు రకాల ఆకుల పసరు, నూటికి నూరుపాళ్లూ మూలికలే, సైడ్ ఎఫెక్టు అన్న మాటే లేదు" అన్నారు. మూత మీద పచ్చటి ఆకు బొమ్మ. అంతకుమించి ఒక్క అక్షరం లేదు. లోపల తెల్లగా వెన్నలాంటి ముద్ద.

రాసిన రెండో రాత్రికే దురద పోయింది. నాలుగో రోజుకి పొలుసంతా రాలి కింద లేత చర్మం కనిపించింది. రెండో వారంలో పొట్టిచేతుల చొక్కా వేసుకుని ఆఫీసుకెళ్లాను. తొమ్మిదేళ్లలో అదే మొదటిసారి. ఆ సంతోషమేమిటో ఈ జబ్బున్నవాళ్లకి చెప్పక్కర్లేదు, లేనివాళ్లకి చెప్పినా తెలియదు.

ఆరు వారాలకి డబ్బా ఖాళీ. ఆపిన ఐదో రోజునుంచి మొదలైంది చూడండి. పాత చోట్లే కాదు, ఎన్నడూ లేనిది ముంజేతుల మీద, పొట్ట మీద కూడా చిన్న చిన్న ఎర్ర మచ్చలు, పైన పొలుసు. మోచేతి లోపలి మడతలో కూడా కొంచెం రాసేవాణ్ణి, అక్కడ చర్మం ఉల్లిపొరలా అయిపోయి కింద నీలం నరాలు తెలుస్తున్నాయి. ఇచ్చినాయన్ని అడిగితే "లోపలున్న విషమంతా బయటికొస్తోంది, మంచిదే, ఇంకో రెండు డబ్బాలు వాడు" అంటున్నారు.

వాడమంటారా?

అర్ధరాత్రి దురద · సోమవారం, రాత్రి 10:58

విషం బయటికొచ్చేదే అయితే నాది పద్నాలుగేళ్లుగా వస్తూనే ఉంది అన్నా. లోపల గోడౌన్ ఉందేమో.

సరదాకి అన్నాలే. ఆ ఉల్లిపొర సంగతి మాత్రం నాకు బాగా అనిపించలేదు. తెలిసినవాళ్లెవరైనా వచ్చి చెప్పేదాకా డబ్బా ముట్టకు.

పాతకాపు · సోమవారం, రాత్రి 11:31

బాబూ, నాది ముప్పై ఒక్కేళ్ల సోరియాసిస్. నీ రాతలో "నాలుగో రోజు" దగ్గరే నాకు అనుమానం వచ్చింది. వేపనూనె, కానుగనూనె, కలబంద, పేరు కూడా తెలియని పసర్లు అన్నీ ఈ ఒంటి మీద అయ్యాయి. వాటిలో ఏదైనా కాస్తో కూస్తో పనిచేసిందీ అంటే అది మూడో వారంలోనో, ఆరో వారంలోనో తెలిసేది. నాలుగు రోజుల్లో పొలుసు ఊడ్చిపెట్టిన ఆకు నాకైతే తగల్లేదు.

చెట్టు సరుకు అసలు పనిచేయదని కాదు నా మాట. నా చిన్నతనంలో డిత్రనాల్ అనే పూత రాసేవారు, దాని పుట్టుక చెట్టు నుంచేనట. మచ్చ చుట్టూ మంచి చర్మానికి వాజలైన్‌తో గట్టు కట్టాలి. మధ్యలో పూత పూసి, గోడకి ఆనకుండా అరగంట నిలబడి, కడిగేసుకోవాలి. గట్టు దాటిందా, రెండు రోజులు మంట. బనియన్లు, దుప్పట్లు, స్నానాల గదిలో గచ్చు అన్నీ ఊదా రంగు. మా అమ్మ నా బట్టలు విడిగా మూట కట్టేది. కానీ నెల తిరిగేసరికి మచ్చ పలచబడేది, కొన్ని నెలలు వచ్చేది కాదు.

ఇంకో ముక్క. ఈ జబ్బు తనంతట తనే పెరుగుతుంది, తనంతట తనే తగ్గుతుంది. బాగా ముదిరినప్పుడే మనం కొత్త మందుకి పరిగెత్తుతాం. తర్వాత ఎలాగూ కాస్త తగ్గాల్సిందే. ఆ పేరు అప్పుడు చేతిలో ఉన్న డబ్బాకి పోతుంది. నేను ఇలా కనీసం ఆరు మందులకి దణ్ణం పెట్టాను.

డెర్మా అక్క · మంగళవారం, ఉదయం 6:10

నేను చర్మవైద్యురాలిని. చూడకుండా నిర్ధారణ చేయలేను, కానీ తమ్ముడూ, మీరు రాసిన నాలుగు సంగతులు పక్కపక్కన పెడితే నాకు ఒకటే గుర్తొస్తోంది: రోజుల్లో తగ్గడం, ఆపగానే ఎగదన్నడం, కొత్త చోట్లకి పాకడం, మడతల్లో చర్మం పలచనవడం. ఆ డబ్బాలో బలమైన స్టెరాయిడ్ ఉండే అవకాశం చాలా ఎక్కువ.

ఇది నా ఊహ మాత్రమే కాదు, ఎప్పటినుంచో పట్టుబడుతున్న మోసం. 1999లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక పరిశీలన వచ్చింది. చర్మవ్యాధులకి ఇస్తున్న 11 చైనా మూలికా క్రీములు తెచ్చి పరీక్షిస్తే ఎనిమిదింటిలో డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ దొరికింది. ముఖానికి, మడతలకి రాయమని ఇచ్చిన వాటిలో కూడా. తర్వాత వేరే చోట్ల చేసిన పరీక్షల్లో క్లోబెటసాల్ కూడా బయటపడింది. క్లోబెటసాల్ అంటే స్టెరాయిడ్ పూతల్లో అన్నిటికన్నా బలమైనవాటిలో ఒకటి. మేము రాసినప్పుడు వరసగా రెండు వారాలు, వారానికి 50 గ్రాములు దాటొద్దని చెప్పి మరీ రాస్తాం. మీరు ఆరు వారాలు వాడారు, అదీ ఏమిటో తెలియకుండా.

"విషం బయటికి రావడం" అనేది ఏమీ లేదు. మామూలు చర్మంలో కింద పుట్టిన కణం పైకొచ్చి రాలడానికి సుమారు నెల పడుతుంది. సోరియాసిస్‌లో అది మూడు నుంచి ఐదు రోజుల్లో పైకొచ్చేస్తుంది, అందుకే ఆ పొలుసు. రోగనిరోధక వ్యవస్థ అలా తరుముతూ ఉంటుంది. స్టెరాయిడ్ దాన్ని అణిచిపెట్టింది, చెయ్యి తీయగానే లేచింది.

రెండు మాటలు గుర్తుంచుకోండి. ఒళ్లంతా ఎర్రబడటం, చలిజ్వరం, లేదా ఎర్ర చర్మం మీద సన్నని చీము గుల్లలు కనిపిస్తే అపాయింట్‌మెంట్ కోసం చూడకండి, అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. రెండోది, వెళ్లేటప్పుడు ఆ ఖాళీ డబ్బా తీసుకెళ్లండి. అంచుల్లో మిగిలినదైనా పనికొస్తుంది.

నల్లేరు · మంగళవారం, ఉదయం 8:47

వచ్చేశారు. ఆకు మందు పనిచేయకపోతే "చూశారా పనిచేయలేదు" అంటారు. పనిచేస్తే "అందులో స్టెరాయిడ్ కలిపారు" అంటారు. ఇంక ఆకు ఎప్పుడు గెలవాలి?

వేప, పసుపు, కలబంద తరతరాలుగా వాడుతున్నవి. ఇంగ్లీషు పూతలు మాత్రం ఆపితే మళ్లీ రావట్లేదా? ఆయనే రాశారు కదా, డాక్టర్ల మందు మానగానే మామూలే అని. సహజంగా దొరికేది ఒంటికి హాని చేయదు.

అర్ధరాత్రి దురద · మంగళవారం, ఉదయం 8:55

నల్లజీడి కూడా సహజంగా దొరికేదే అన్నా. రసం చేతికి తగిలితే తెలుస్తుంది సహజమంటే ఏమిటో. అంతెందుకు, నువ్వు పెట్టుకున్న పేరు గల తీగే పచ్చిది ఉత్త చేత్తో కోస్తే చేతులు గీరుకుంటూ కూర్చోవాలి.

డెర్మా అక్క · మంగళవారం, మధ్యాహ్నం 1:20

నల్లేరు గారి మాటలో సగం నిజం ఉంది, ఒప్పుకుంటాను. సోరియాసిస్, ఎగ్జిమా రెండూ అదుపులో పెట్టుకునేవే గానీ ఒకసారి తుడిచేస్తే పోయేవి కావు. మా మందు ఆపినా వస్తాయి. తేడా ఎక్కడంటే, మా ట్యూబు మీద ఏముందో, ఎంత శాతమో రాసి ఉంటుంది. ఎప్పుడు తగ్గించాలో, మధ్యలో ఏ మందుకి మారాలో ముందే అనుకోవచ్చు. పేరు లేని డబ్బాతో ఆ లెక్కేదీ కుదరదు.

ఇక ఆకు ఎప్పుడు గెలవాలి అన్నారు. గెలిచింది కూడా. గ్రీన్ టీ ఆకుల సారంతో చేసిన ఆయింట్‌మెంట్‌కి 2006లోనే అమెరికాలో మందుగా ఆమోదం వచ్చింది, జననాంగాల దగ్గర వచ్చే పులిపిర్లకి. భూర్జపత్రం చెట్టు జాతి బెరడు సారాన్ని సన్‌ఫ్లవర్ నూనెలో కలిపిన జెల్‌కి 2022లో యూరప్‌లో ఆమోదం వచ్చింది. ముట్టుకుంటే చర్మం ఊడి బొబ్బలయ్యే ఒక పుట్టుజబ్బు ఉంది, ఆ పుండ్లకి. అవీ చెట్లూ ఆకులే. కాకపోతే ప్రతి ట్యూబులో అదే సరుకు అంతే మోతాదులో ఉందని చూపించాకే ఆమోదం దొరికింది.

టెస్ట్‌ట్యూబ్ · మంగళవారం, రాత్రి 9:05

నేను మందుల పరీక్షశాలలో పనిచేస్తాను. ఇలాంటి డబ్బా ఒకటి మా బల్ల మీదకి వచ్చినప్పటి సంగతి చెప్తా.

సిలికా పూసిన పలక మీద క్రీము సారాన్ని ఒక చుక్క, పక్కన మాకు తెలిసిన స్టెరాయిడ్ చుక్కలు పెట్టి, ద్రావణంలో నిలబెడతాం. ద్రావణం పైకి పాకుతూ ఒక్కో పదార్థాన్ని ఒక్కో ఎత్తుకి మోసుకెళ్తుంది. తర్వాత చీకట్లో అతినీలలోహిత దీపం కింద చూస్తాం. నిజంగా ఆకుల సారం ఉంటే పత్రహరితం ఎర్రగా, నిప్పుకణికలా మెరుస్తుంది. పచ్చటి ఆకు ఆ దీపం కింద ఎర్రగా కనపడటం మొదటిసారి చూసినవాళ్లెవరైనా నోరు తెరుస్తారు. దాంతోపాటు పసుపు, నీలం చారలు బోలెడు రావాలి. ఆ డబ్బాది పెడితే ఎర్ర మెరుపు లేదు, చారల్లేవు. దీపం మార్చి చూస్తే క్లోబెటసాల్ చుక్క ఎంత ఎత్తులో ఉందో సరిగ్గా అంతే ఎత్తులో ఒక నల్ల మచ్చ. తర్వాత పెద్ద యంత్రం మీద ఖాయం చేసుకున్నాం. పన్నెండు ఆకులేమో గానీ ఒక్క ఆకు జాడ కూడా లేదు.

రంగు, వాసన, చిక్కదనం చూసి ఇంట్లో ఎవరూ చెప్పలేరు. ఇంటి పరీక్షలంటూ తిరిగే వీడియోలు నమ్మకండి.

పాతకాపు గారి డిత్రనాల్ కథ కూడా పూర్తి చేస్తా, ఎందుకంటే నాకిష్టమైన కథ. బ్రెజిల్‌లో ఒక చెట్టు మాను చీలికల్లోంచి తీసే పసుపు పొడి ఉండేది. పోర్చుగీసువాళ్ల ఓడల్లో గోవా చేరి "గోవా పౌడర్" అయింది, ఫంగస్ మచ్చలకి రాసేవారు. అది సోరియాసిస్‌కి కూడా పనిచేస్తోందని 19వ శతాబ్దంలో గమనించారు. మొదటి ప్రపంచయుద్ధంలో ఆ పొడి జర్మనీకి అందక, అక్కడివాళ్లు 1916లో దానికి దగ్గరి రసాయనాన్ని తయారు చేసుకున్నారు. అదే డిత్రనాల్. మనవాళ్లు తామరకి రాసే మెట్టతామర ఆకులో కూడా ఆ కుటుంబపు పదార్థాలే ఉన్నాయి. ఆ చెట్టుకా పేరు ఊరికే రాలేదు.

నీలిమందు సంగతి ఇంకా బాగుంటుంది. తైవాన్‌లో 42 మంది సోరియాసిస్ రోగుల మీద 12 వారాలు పరీక్ష చేసి 2008లో ప్రచురించారు. ఒకే మనిషికి ఒక పక్క నీలి కలిపిన ఆయింట్‌మెంట్, ఇంకో పక్క మందులేని ఉత్త ఆయింట్‌మెంట్. నీలి రాసిన పక్క స్పష్టంగా మెరుగు. అందులో పనిచేసేది ప్రధానంగా ఇండిరుబిన్ అంటారు. ఇబ్బందల్లా ఒకటే, రాసిన చోటల్లా నీలం. ఇది పూత గురించి మాత్రమే చెప్తున్నా. నీలిమందు మింగినవాళ్లలో ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ఒత్తిడి పెరిగిన కేసులు జపాన్‌లో బయటపడ్డాయి. లోపలికి తీసుకునే ఆలోచన ఎవరికైనా ఉంటే ఇక్కడే మానుకోండి.

తైలపాకం · బుధవారం, ఉదయం 5:50

ఆయుర్వేద వైద్యుణ్ణి. ఆకు బొమ్మ డబ్బాల వాళ్ల వల్ల ఎక్కువ పరువు పోతున్నది మాదే, కాబట్టి ఈ మాట నేనే చెప్పాలి.

తెల్లటి వెన్నలాంటి ముద్దలో పన్నెండు ఆకుల పసరు అంటే నాకు నవ్వొచ్చింది. పచ్చి పసరు నీళ్లే కదా. దాన్ని అలాగే క్రీములో కలిపితే నాలుగు రోజుల్లో బూజు పడుతుంది. అందుకే మావాళ్లు తైలం కాచమన్నారు. మూలికల ముద్ద ఒక పాలు, నూనె నాలుగు పాళ్లు, పసరో కషాయమో పదహారు పాళ్లు. సన్నసెగ మీద, అడుగంటకుండా కలుపుతూ, నీరంతా పోయేదాకా. గంటలో అయ్యే పని కాదు. దించే సమయానికి నూనె మీద నురుగు లేస్తుంది. గరిటెతో ముద్ద తీసి వేళ్ల మధ్య నలిపితే ఒత్తిలా సాగాలి, జిగటగా అంటుకోకూడదు. ఆ ఒత్తిని మంటలో పెడితే చిటపట అనకూడదు. అన్నదీ అంటే ఇంకా నీరుందని. మరీ కాస్తే ముద్ద గట్టిపడి, నూనె మాడి, మందు చచ్చిపోతుంది. అలా దిగిన తైలానికి తేనెమైనం కరిగించి కలిపితే లేపనం. అది పచ్చగానో, గోధుమరంగులోనో, కనీసం కంపుగానైనా ఉంటుంది. మల్లెపువ్వులా తెల్లగా ఉండదు.

సిద్ధ వైద్యంలో 777 నూనె అని సోరియాసిస్‌కి వాడతారు. అంకుడు ఆకుల్ని కొబ్బరినూనెలో వేసి ఎండకి పెడితే నూనె ఊదారంగు తిరుగుతుంది. టెస్ట్‌ట్యూబ్ గారూ, అంకుడాకులో కూడా నీలి ఛాయ పదార్థాలే కదా?

మావైపు తప్పు కూడా దాచను. పాదరసం, గంధకం, సీసంతో చేసే సిందూరం కలిపే లేపనాలు మా శాస్త్రంలో ఉన్నాయి. పాదరసం, సీసం ఉన్నవి చిట్లిన చర్మం మీద, పిల్లల మీద, నెలల తరబడి రాయడానికి నేను ఒప్పుకోను. "మూలికలే" అన్న మాట విని ఊరుకోకండి, లోహాలున్నాయా అని అడగండి.

టెస్ట్‌ట్యూబ్ · బుధవారం, ఉదయం 7:15

అవును గురువుగారూ. అంకుడాకులో ఇండిగోటిన్, ఇండిరుబిన్ రెండూ ఉన్నాయి. తైవాన్ నీలి, మీ ఊదారంగు నూనె దూరపు చుట్టాలే. ఇంకో చుట్టం కూడా ఉంది. ఇండిరుబిన్ చర్మకణాల్లో ఏ గ్రాహకాన్ని (కణం సంకేతాలు అందుకునే భాగాన్ని) పట్టుకుంటుందో, సోరియాసిస్‌కి రాసే పాత బొగ్గు తారు పూత కూడా దాన్నే పట్టుకుంటుంది. 2022లో అమెరికాలో సోరియాసిస్‌కి ఆమోదం పొందిన టాపినారాఫ్ క్రీము కూడా దాని మీదే పనిచేస్తుంది. అది ఆకులోంచి కాదు, బాక్టీరియాలోంచి దొరికింది.

సన్నజాజి · బుధవారం, రాత్రి 9:48

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. మా బాబుకి నాలుగేళ్లు, మోకాళ్ల వెనక, మోచేతి మడతల్లో తామర. రాత్రిళ్లు గీరి గీరి దుప్పటి మీద రక్తపు చారలు. నిద్రలో గీరకుండా చేతికి సాక్సులు తొడుగుతున్నా. స్టెరాయిడ్ పేరు వింటేనే భయం. మా అత్తగారు వేపనూనె రాయమంటారు, ఒక స్నేహితురాలు టీ ట్రీ ఆయిల్ అంది, ఇంకొకరు ఆలివ్ ఆయిల్. పైన చదివాక దేన్ని చూసినా భయంగానే ఉంది. ఏది రాయాలి డాక్టర్ గారూ?

డెర్మా అక్క · గురువారం, ఉదయం 6:30

అమ్మా, ముందు పేరు తేల్చుకుందాం. మన భాషలో తామర అంటే ఒకరికి ఫంగస్, ఇంకొకరికి ఎగ్జిమా. దానికి తోడు దేన్నయినా గజ్జి అనేస్తాం, అదేమో చర్మంలో దూరే సన్నని పురుగు వల్ల వచ్చేది. మూడింటికీ మందులు వేరు. గుండ్రంగా పాకుతూ, అంచు ఎర్రగా లేచి, మధ్యలో మానినట్టుంటే ఫంగస్ అనుకోవచ్చు. దానికి స్టెరాయిడ్ కలిసిన డబ్బా రాస్తే ఎరుపు తగ్గుతుంది, ఫంగస్ మాత్రం హాయిగా పాకుతుంది, చివరికి మాకే గుర్తుపట్టలేని రూపానికొస్తుంది. మీరు చెప్పిన వయసు, మడతలు చూస్తే మీ బాబుది ఎగ్జిమాలాగే ఉంది, కానీ ఒకసారి చూపించండి.

ఎగ్జిమా పిల్లల్లో చర్మం తడిని పట్టి ఉంచుకోలేదు. కొందరిలో ఫిలాగ్రిన్ అనే ప్రొటీన్ జన్యువులో లోపం ఉంటుందని 2006లో తేలింది. అందుకే మొదటి మందు తేమ నిలిపే పూత. వాసనలేనిది, రంగులేనిది. స్నానం చేయించి, అద్ది తుడిచి, చర్మం ఇంకా చెమ్మగా ఉండగానే, దండిగా రాయాలి.

మీరడిగిన నూనెలు ఒక్కొక్కటీ. టీ ట్రీ ఆయిల్ వద్దు. మూత తీసి నిలవున్నకొద్దీ అది గాలికి మారిపోయి ఎలర్జీ తెప్పించే గుణం పెరుగుతుంది. ఆలివ్ ఆయిల్ కూడా వద్దు. 2013లో వచ్చిన ఒక పరిశీలనలో అది ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ల చర్మాన్ని కూడా బలహీనపరిచింది, అదే సన్‌ఫ్లవర్ నూనె ఆ పని చేయలేదు. వర్జిన్ కొబ్బరినూనె మీద పిల్లల్లో ఒక పరీక్ష జరిగింది, మినరల్ ఆయిల్ కన్నా మెరుగ్గా వచ్చింది. కాబట్టి మీ అత్తగారి మాట కాదనకుండా వేపనూనె బదులు కొబ్బరినూనెకి ఒప్పించండి. చిట్లి రసి కారుతున్న చోట మాత్రం ఏ నూనే వద్దు.

స్టెరాయిడ్ భయం గురించి. నేను తిట్టింది దొంగతనంగా కలిపినదాన్ని. పిల్లలకి తగిన తేలిక రకం, కొద్దిరోజులు, వేలి కొలతతో వాడితే మీ బాబు రాత్రి నిద్రపోతాడు. పెద్దవాళ్ల చూపుడువేలి చివరి కణుపు పొడుగున ట్యూబులోంచి తీస్తే సుమారు అర గ్రాము. అది వేళ్లతో కలిపి పెద్దవాళ్ల రెండు అరచేతులంత మేరకి సరిపోతుంది. రాత్రంతా గీరుకోవడం కూడా హానే అమ్మా, చర్మం మందమైపోతుంది, చీము పడుతుంది.

సన్నజాజి · గురువారం, ఉదయం 7:02

చాలా థాంక్సండీ. "గీరుకోవడం కూడా హానే" అని నాకెవరూ ఇలా చెప్పలేదు.

వెన్నెలమచ్చ · గురువారం, రాత్రి 11:15

నాది బొల్లి. వేరే జబ్బే అయినా నా అనుభవం కూడా రాస్తున్నా. చేతి మీద మచ్చలకి బావంచాల గింజల నూనె రాసుకుని, ఎంత ఎండైతే అంత మంచిదని మిట్టమధ్యాహ్నం అరగంట కూర్చున్నా. సాయంత్రానికి ఏమీ లేదు. మర్నాటికి కందింది. మూడోరోజు పొద్దున లేచేసరికి మణికట్టు మీద నిమ్మకాయంత బొబ్బ. మానాక అక్కడ ఇంకో కొత్త తెల్లమచ్చ.

ఆ నూనె ఉత్తుత్తిది కాదని తర్వాత తెలిసింది. బావంచాల్లో ఉండే సోరాలెన్ నిజంగా మందే. అలాంటిదాన్నే కొలతగా ఇచ్చి, అతినీలలోహిత కాంతిని సెకన్ల లెక్కన పెంచుతూ చేసే చికిత్స 1974 నుంచి సోరియాసిస్‌కి కూడా ఉంది. నేను కొలత లేకుండా చేశాను. పనిచేయని ఆకు కన్నా పనిచేసే ఆకుతోనే ఎక్కువ జాగ్రత్తగా ఉండాలని ఆ బొబ్బ చూశాక అర్థమైంది.

నల్లేరు · శుక్రవారం, ఉదయం 9:20

సరే, నేను తగ్గుతున్నా. పేరు లేని డబ్బాని నేనూ సమర్థించను. కానీ వైద్యుడు కాచి ఇచ్చిన తైలం, లోహాలు లేనిది, ఏం వేశారో చెప్పినది, దాన్ని ప్రయత్నించడంలో తప్పేముంది?

డెర్మా అక్క · శుక్రవారం, మధ్యాహ్నం 2:05

తప్పు లేదు. అది కూడా వాడుతున్నానని నాకు చెప్పాలి, అంతే. ముందు మోచేతి మడత దగ్గర రూపాయి బిళ్లంత చోట, రోజుకి రెండుసార్లు, వారం పాటు రాసి చూడండి. దురద, ఎరుపు, చిన్న గుల్లలు వస్తే అది మీకు పడదు. మొదటి రోజు ఏమీ కాలేదని ఒళ్లంతా పూసుకోవద్దు, ఎలర్జీ చాలాసార్లు రోజుల తర్వాత బయటపడుతుంది. కీళ్లు పొద్దున్నే బిగుసుకుంటున్నా, గోళ్ల మీద సూదితో పొడిచినట్టు గుంటలు పడుతున్నా పూతల దగ్గరే ఆగిపోకండి. అది కీళ్లకి పాకుతున్న సోరియాసిస్ కావచ్చు.

పాతకాపు · శుక్రవారం, రాత్రి 8:40

ఒక చిన్న హెచ్చరిక. నూనె, వాజలైన్, లేపనం ఏదైనా సరే, ఇంకిన బట్టకి నిప్పు తగిలితే భగ్గుమంటుంది. ఉతికినా పూర్తిగా పోదు. పొయ్యి దగ్గరా, సిగరెట్ దగ్గరా జాగ్రత్త. నా బనియన్ ఒకటి ఇలాగే పోయింది, అదృష్టం బాగుండి అప్పుడు అది ఒంటి మీద లేదు.

మోచేతిపొలుసు · పదకొండు రోజుల తర్వాత, రాత్రి 10:10

ఆలస్యమైంది, క్షమించాలి. డాక్టర్ దగ్గరికి వెళ్లొచ్చాను. డబ్బా చూడగానే ఆవిడ మూత తీయకుండానే నవ్వారు. "ఈ ఆకు నాకు బాగా తెలుసు" అన్నారు. ముంజేతులు, పొట్ట మీదవి స్టెరాయిడ్ ఆపాక ఎగదన్నినవే. విటమిన్ డి రకం పూత రాశారు, మిగతా ఒంటికి ఉత్త వాజలైన్. కీళ్లు, గోళ్లు చూశారు, ఏమీ లేదు. ఉల్లిపొర చర్మం కొంత కోలుకుంటుందట, చారలేమైనా పడితే మాత్రం అవి అలాగే ఉండిపోతాయన్నారు.

మోచేతులు బాగా నెమ్మదించాయి కాబట్టి వాటి మీద తైలం ప్రయత్నిస్తానని అడిగాను. చర్మం పలచబడ్డ మడతల జోలికి పోవద్దని, వారం పరీక్ష అయ్యాకేనని షరతు పెట్టి ఒప్పుకున్నారు. తైలపాకం గారూ, ఎలా చేస్తే నిజం తెలుస్తుంది?

తైలపాకం · మరుసటి రోజు, ఉదయం 5:40

తైవాన్‌వాళ్లలాగే చెయ్యి నాయనా. ఒక మోచేతికి మందు తైలంతో చేసిన లేపనం, ఇంకో మోచేతికి మూలికల్లేకుండా అదే నూనె, అదే మైనం, అదే పాళ్లు. ఉత్త నూనె, మైనం కూడా పొలుసుని మెత్తబరుస్తాయి, ఆ మేలు మూలిక ఖాతాలో పడకూడదు. రెండు డబ్బాలకీ గుర్తులు ఇంట్లోవాళ్ల చేత వేయించు. ఆరు వారాల లోపు తీర్పు చెప్పకు.

అర్ధరాత్రి దురద · అదే రోజు, ఉదయం 9:33

గురువుగారూ, వాసన చూస్తే ఏది మందో తెలిసిపోదూ? ముక్కుకి క్లిప్పు పెట్టుకోవాలి.

మోచేతిపొలుసు · ఏడు వారాల తర్వాత, రాత్రి 9:25

క్లిప్పు పెట్టుకోలేదు గానీ వాసన తెలిసిపోయిన మాట నిజం. అందుకని తీర్పు నా చేతిలో ఉంచుకోలేదు. ప్రతి ఆదివారం మా ఆవిడ చేత ఫోటోలు తీయించి, ఏ చెయ్యో తెలియకుండా కత్తిరించి మా అక్కకి పంపాను. ఏది మెరుగో ఆవిడ చెప్పాలి.

ఆరు ఆదివారాల్లో నాలుగుసార్లు మందు రాసిన మోచేతినే ఎంచింది, రెండుసార్లు ఉత్త మైనం మోచేతిని. ఐదో వారం "రెండూ ఒకేలా ఉన్నాయిరా, ఇంకెన్నాళ్లు పంపుతావీ మోచేతులు" అని తిట్టి మరీ ఒకదాన్ని ఎంచింది. రెండు వైపులా పొలుసు తగ్గింది, ఎరుపు కొంచెం ఉంది. మందు వైపు చొక్కా చేతులన్నీ పచ్చగా మరకలు పడ్డాయి. పొట్ట మీదవి దాదాపు పోయాయి, అవి డాక్టర్ రాసిన పూత చలవే.

డబ్బా ఇచ్చినాయన నిన్న మళ్లీ ఫోన్ చేశారు, కొత్త సరుకు వచ్చిందట. ఏమేం వేశారో రాసి పంపమన్నాను. ఇంకా పంపలేదు.

రేపటినుంచి డబ్బాలు తారుమారు చేసి ఇంకో ఆరు వారాలు చూస్తా. అక్కకి చెప్పలేదు.